స్టోర్‌రూంలో వినే మిషన్

మొన్న హనుమకొండలో మోకాళ్ల మందు కోసం దవాఖాన కౌంటర్ ముందు నిలబడ్డాను. "సర్వర్ డౌన్ అమ్మా, జర కూసోండ్రి" అన్నది లోపలి అమ్మాయి. ఆమె వెనక మిషన్ల గది తలుపు తెరుచుకునేసరికి ఏసీ గాలితో పాటు వేడెక్కిన దుమ్ము వాసన ముఖానికి తగిలింది. కాళ్లు లాగుతుంటే కూలబడ్డాను. ఆ వాసనకు ఖాజా సార్ గుర్తొచ్చాడు.

అప్పట్లో నేను ఇంకో ప్రైవేటు దవాఖానలో తడిగుడ్డ పెట్టేదాన్ని. కంప్యూటర్లు చూసుకునే ఖాజా సార్ ములుగు నుంచి బస్సులో వచ్చేవాడు. వచ్చేసరికే మనిషి సగం నలిగిపోయి ఉండేవాడు. అయినా "రాజక్కా, చాయ్ తాగినవా?" అని అడగకుండా లోపలికి పోయేవాడు కాదు. అక్కడ సర్వర్ అనే పెద్ద మిషన్ ఉన్నట్టుండి ఆగిపోయేది. బిల్లులు, రిపోర్టులు అన్నీ దానిలోనే. కౌంటర్ ముందు జనం అరుస్తుంటే ఎవరు ముందు ఉరికితే వాళ్లు బటన్ నొక్కి మళ్లీ లేపేవాళ్లు. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు.

రెండుసార్లు నేను ఆ సర్వర్ గది తుడుస్తున్నప్పుడే ఆగింది. మేనేజర్ నా బకెట్ దిక్కు చూశాడు. "ఏమమ్మా, తడిగుడ్డతో వైర్లు గుంజుతున్నవా? ఇంకోసారి ఆగిందంటే పనికి రాకు" అన్నాడు. మా ఆయన నడుము విరిగి మంచంలో ఉన్నాడు. ఇల్లు నా ఒక్కదాని చేతుల మీద నడుస్తోంది.

ఆ రోజు ఖాజా సార్ ఒక పాత కంప్యూటర్‌ను స్టోర్‌రూంలో పెట్టి, సర్వర్ నుంచి దానికి వైరు కలిపాడు. "ఇదేంది సార్?" అంటే చెప్పాడు: "మిషన్ల అన్నిటికన్న అడుగున కెర్నల్ అని ఒకటుంటదక్కా. దానికి ఏ నొప్పొచ్చినా తన డిస్క్ మీద రాసుకుంటది. డిస్కే చేతికందకపోతే యాడ రాసుకుంటది? గందుకే తన గోస ఈ వైరుల చెప్పుమన్న. ఇది ఇంటది."

"ఇది ఇనకపోతే?"

"ఇనకపోయినా చెప్తనే ఉంటది. జవాబు కోసం ఆగేంత ఓపిక ఉండదు దానికి."

మళ్లీ ఆగింది, నేను మెట్లు తుడుస్తున్నప్పుడు. ఇద్దరం స్టోర్‌రూంకు పోతే పాత కంప్యూటర్ బంద్ చేసి ఉంది. "ఊకె కరెంటు కాలుస్తాంది సార్. దాని ముంగట ఎవ్వలు కూసుంటలేరు" అన్నాడు స్టోర్ చూసే మల్లయ్య. ఖాజా సార్ తిట్టలేదు. మందుల డబ్బా మీద కూర్చుని, కళ్లు రుద్దుకున్నాడు. "మల్లన్నా, అది కూసొని ఇంటాంది. నువ్వు దాని చెవులు మూసినవు" అన్నాడు. ఆ రోజు నుంచి మల్లయ్య దానికి కాపలా.

నేను భయపడినంతా అయింది. తర్వాత ఆగినప్పుడు నేను సర్వర్ గదిలోనే ఉన్నాను, చేతిలో తడిగుడ్డ ఉంది. మేనేజర్ వచ్చాడు, "ఇగ చాలమ్మా, పో" అన్నాడు. ఎవరో బటన్ మీద చెయ్యి పెట్టారు. ఖాజా సార్ ఎవరి దిక్కూ చూడకుండా నేరుగా స్టోర్‌రూంకు నడిచాడు. మేమంతా వెనకాలే. తెర నిండా తెల్లటి అక్షరాలు. నాకు చదువు రాదు, ఆయన ముఖమే చదివాను.

"డిస్క్‌ను పట్టుకునే కార్డు ఖరాబైంది సార్" అన్నాడు మేనేజర్‌తో. "టైం చూడుండ్రి. ఈమె బకెట్ తీసుకొని పైకి రాకముందుకెల్లే సర్వర్ మొత్తుకుంటాంది."

మేనేజర్ తెర మీది టైం చూశాడు. "కార్డు తెప్పించుండ్రి" అని వెళ్లిపోయాడు. "పోయి తుడుచుకో అక్కా, నీళ్లు ఆరిపోతాన్నయి" అన్నాడు ఖాజా సార్. కార్డు మార్చాక మళ్లీ ఆగలేదు. నా పనీ ఆగలేదు.

సార్ ఇప్పుడు లేడు. ఆ బస్సు తిరుగుడుకే కరిగిపోయాడేమో అనిపిస్తుంది. ఆయన కంప్యూటర్ విద్య నాకేమీ అబ్బలేదు. కానీ మనిషి కూలబడితే ఎందుకో వినకుండానే "లే, ముఖం కడుక్కో" అనడం మాత్రం మానుకున్నాను. పోయినవారం మా కోడలు పొయ్యి ముందు గిన్నె దించి, అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. కొడుకు నీళ్ల చెంబుతో వస్తుంటే చేత్తో ఆపాను. మోకాళ్లు ఒప్పుకోకపోయినా పక్కన కూర్చున్నాను. గిన్నెలోంచి మాడిన అన్నం వాసన వస్తోంది. కోడలే నోరు తెరిచింది.

"అత్తమ్మా, నాతోని అయితలేదు."

"చెప్పు బిడ్డా" అన్నాను. "ఇంటాన్న."