తేడా కనిపించిందా?

మైథిలి కడుపుతో ఉందన్న మాట ఫరీదాబాదు తెలుగువాళ్ళలో మొదట పుట్టించింది సుభద్ర ఆంటీ. శుక్రవారం లలితా సహస్రనామం ముగించి, ప్రసాదం దొన్నె చేతిలో పట్టుకునే అంది.

"పెద్ద హోటల్లో, స్టేజీ మీద, అంతమంది ముందు భళ్ళున కక్కేసిందట. పెళ్ళి కాని పిల్ల! ఇంకా నా నోటితో ఏం చెప్పమంటారు?"

చెప్పమని ఎవరూ అడగలేదు. అయినా చక్రపొంగలి చల్లారేలోగా కథ రెండు సెక్టార్లు దాటిపోయింది.

కక్కిన మాట నిజమే.

మైథిలి బీకాం పాసై, మూడేళ్ళు ఇంట్లో ఖాళీగా కూర్చుని, "ఏం చేస్తున్నావమ్మా?" అన్న ప్రశ్నకు జడిసి పెళ్ళిళ్ళకు పోవడమే మానేసిన పిల్ల. చివరికి ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న రీసెర్చ్ కంపెనీలో కాంట్రాక్టు మీద కుదిరింది. మెట్ల మీద మాడిన సమోసా నూనె కంపు, పైన గదిలో సెంటు కంపు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడగడం ఆమె పని. బ్యాంకు సేవలు ఎలా ఉన్నాయని కొన్నాళ్ళు, డిగ్రీ పిల్లలకు ఉద్యోగాలు దొరికాయా అని కొన్నాళ్ళు, మూలికల టానిక్కు పనిచేసిందా అని మరికొన్నాళ్ళు. తెలుగు ఇళ్ళన్నీ ఆమె వంతు. ఈ మూడు రిపోర్టులూ బయటికొస్తే పర్మనెంట్ చేస్తానని మేనేజరు రఘునందన్ మాటిచ్చాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె చాలా మింగింది.

బ్యాంకులో నిలబడి నిలబడి విసిగి వెనక్కొచ్చేశామన్నవాళ్ళను అతను 'ఫిర్యాదు లేదు' కింద వేయించాడు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళుండే కటవారియా సరాయ్ ఇరుకు గదుల్లో "ప్రిపేర్ అవుతున్నా అక్కా" అంటూ తల దించుకున్న కుర్రాళ్ళలో, ఎప్పుడో ఒక గంట ట్యూషన్ చెప్పినవాడినల్లా ఉద్యోగస్తుల్లో కలిపేశాడు. మైథిలినీ అందులోనే కలిపాడు. "నువ్వు కూడా మా సక్సెస్ స్టోరీయే!" అని పళ్ళికిలించాడు. ఆ పళ్ళ సందుల్లో పాన్ మసాలా. ఆమె నవ్వింది. నవ్వినందుకు ఆ సాయంత్రమంతా తన నోరే తనకు చేదుగా ఉంది.

తర్వాత టానిక్కు వచ్చింది. రఘునందన్ ఢిల్లీలో పుట్టినవాడు; ఇంట్లో తెలుగు విని హిందీలో జవాబిచ్చి పెరిగాడు. ప్రశ్న అతనే రాశాడు: 'టానిక్కు వాడాక తేడా కనిపించిందా?'

గవర్నమెంటు క్వార్టర్లలో ఉండే జానకమ్మగారు ఆ ప్రశ్న వింటూనే రెండు చేతులూ ఎత్తేసింది.

"కనిపించడమేమిటే తల్లీ, శుభ్రంగా తేడా చేసింది! కడుపు జాడించేసి మంచాన పడ్డాను. ఆ సీసా పేరు తలిస్తేనే డోకొస్తోంది. సర్లే, కాఫీ తాగుతావా?"

మైథిలి వెళ్ళిన ఇళ్ళలో సగానికి పైగా అదే మాట. తేడా చేసింది.

"సర్, తేడా చేసిందంటే పడలేదని అర్థం. మంచి జరిగిందని కాదు" అంది ఆఫీసులో.

"అరే యార్, తేడా అంటే డిఫరెన్సే కదా? ఉందా, లేదా?"

"ఉంది కానీ..."

"ఠీక్ హై. ఉంటే యెస్ కొట్టు. నువ్వు తెలుగు టీచర్ అవుతావా, పర్మనెంట్ అవుతావా?"

ఆమె యెస్ కొట్టింది. జానకమ్మగారి పేరు దగ్గర కూడా.

మూడు రిపోర్టులూ గురుగ్రామ్‌లో ఒక పెద్ద హోటల్లో ఒకే రోజు విడుదల చేశారు. మైథిలి స్టేజీ ఎక్కి తెలుగులో ఒక్క ముక్క చెప్పాలి. బెదురుకు పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా దిగలేదు. కింద సూట్లవాళ్ళు పన్నీరు ముక్కలు నములుతూ చూస్తున్నారు.

"మా తెలుగువాళ్ళకు తేడా కనిపించింది" అంది. చప్పట్లు.

టానిక్కు కంపెనీ యజమాని పొంగిపోయి, స్వయంగా రెండు మూతలు చిన్న గ్లాసులో వంచి ఆమె చేతికిచ్చాడు. "లో బేటీ, తుమ్ భీ పియో!"

పులిసిన బెల్లం వాసన, అడుగున తుప్పు వాసన. ఆమె రఘునందన్ వైపు చూసింది. మింగెయ్యమని కనుబొమలు ఎగరేశాడు. మింగింది. మంచాన పడ్డ జానకమ్మగారు కళ్ళ ముందు మెదిలింది. యెస్ కొట్టిన వేలు గుర్తొచ్చింది. అంతే, లోపలికి పోయినదంతా వచ్చిన దారినే వచ్చి యజమాని మెరుగు బూట్ల మీద పడింది.

రఘునందన్ పరుగున వచ్చి చెవిలో బుసకొట్టాడు. "ఏదైనా మంచిమాట చెప్పు, జల్దీ!"

ఆమె చున్నీతో మూతి తుడుచుకుంది. మైకు దగ్గరికి లాక్కుంది.

"నాకు కూడా తేడా చేసింది."

మొదట చప్పట్లు కొట్టింది రఘునందనే. తర్వాత హాలంతా కొట్టింది.

చప్పట్లకు బూట్లు శుభ్రం కాలేదు. మర్నాడు ఆఫీసు గుమ్మంలోనే వాచ్‌మన్ ఆమె కార్డు తీసేసుకున్నాడు. రిపోర్టులో మాత్రం ఆమె ఇప్పటికీ ఉద్యోగం దొరికిన పట్టభద్రురాలే.

సుభద్ర ఆంటీ మెట్రోలో కనబడితే ముందు మైథిలి పొట్ట చూసి, ఆ తర్వాతే మొహం చూస్తుంది. ఆ రోజు మైథిలి కడుపులో ఉన్నది రెండు మూతల టానిక్కు.