బోణీ అని దాటేసిన పేజీ

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు ప్రేమలో మీకందరికీ నా వందనాలు. ఈ పత్రికలో పదిమంది సాక్ష్యాలు చదివి కళ్లు తుడుచుకున్నవాణ్నే గాని, నా సంగతి రాయవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. జబ్బు నయమైన సంగతో, తాగుడు మానిన సంగతో అయితే చెప్పడం సులువేమో! నాది అలాంటిది కాదు. ఒక్క ప్రశ్న అడగవలసిన చోట అడగకుండా ఊరుకున్నాను, దాని తర్వాత ఏడాదిన్నర పాటు దేవుని మందిరం గడప తొక్కలేకపోయాను, ఆ చీకటిలో నుంచి ఆయన నన్ను ఎలా బయటికి నడిపించాడో చెప్పాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది నరసాపురం. పాలకొల్లులో ఒక రైస్ మిల్లులో పన్నెండేళ్లు గుమస్తాగా పనిచేశాను. రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయ్యాక, పిల్లల చదువులకు, ముసలితనానికి, అనుకోని కష్టానికి కుటుంబాలు ముందే ఎలా సిద్ధపడాలో చెప్పే సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్ అనే కోర్సు ఒకటి ఉందని తెలిసింది. ముప్పై ఐదేళ్ల వయసులో మిల్లు నుంచి రాగానే పుస్తకాలు ముందేసుకుని, రైలెక్కి హైదరాబాదు వెళ్లి పరీక్షలు రాసి, ఒకటి తప్పి, మళ్లీ రాసి, ప్రభువు కృప వలన పాసయ్యాను. మా వీధిలో ఎవరికీ అదేం ఉద్యోగమో అర్థం కాలేదు! అర్థమైంది ఒక్క మా అన్నయ్య జీవరత్నానికే. నాన్న పోయాక నన్ను డిగ్రీ చదివించింది అన్నయ్యే. చేపల చెరువు కౌలుకు తీసుకుని, ఎండనక వాననక ఆ గట్టు మీదే బతికిన మనిషి.

మా ఇంటి ముందు గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు వేసి, మా సంఘం పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించాను. ఆమెన్ అనడమే తరువాయి, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన అన్నయ్య ఎదురు కుర్చీలో కూర్చుని, "బోణీ నాదేరా ప్రసాదూ, రాయి" అన్నాడు. అయ్యగారు కూడా నవ్వారు. నేను ఎంత మురిసిపోయానో!

కాగితాలు తీశాను. ఆదాయం ఎంత, ఇల్లు ఎవరి పేరున ఉంది, పాప సునీతను ఎంతవరకు చదివిస్తావు, అన్నీ అడిగి రాశాను. తర్వాతి పేజీలో ఉన్నది ఒకటే సంగతి. మీరు హఠాత్తుగా చనిపోతే మీ భార్యాబిడ్డలు ఎలా బతుకుతారు? అన్నిటికంటే ముందు అడగవలసింది అదేనని నాకు నేర్పారు. అన్నయ్యకు ఒక్క ఇన్సూరెన్స్ పాలసీ కూడా లేదని నాకు తెలుసు.

నోరు రాలేదు, సహోదరులారా. బోణీ బేరం, ఎదురుగా తోడబుట్టినవాడు, చావు మాట ఎత్తుతానా! ముహూర్తాలు చూడనని, పిల్లి ఎదురొస్తే ఆగనని చెప్పుకుని తిరిగేవాణ్ని, ప్రతి ఆదివారం పునరుత్థానం గురించి గొంతెత్తి పాడేవాణ్ని, ఆ పూట బోణీకి అపశకునం అవుతుందని భయపడ్డాను. మళ్లీ వచ్చినప్పుడు అడగొచ్చులే అని రెండు పేజీలు కలిపి తిప్పేశాను. అన్నయ్య చూశాడని కూడా నేను గమనించలేదు.

నాలుగు నెలలు గడిచాయి. వానాకాలంలో ఒక ఉదయం చెరువు దగ్గర మోటారు వేయబోయి, కరెంటు షాకు కొట్టి, అన్నయ్య ఆ బురద గట్టు మీదే ప్రాణం విడిచాడు. అయ్యో, ఆ ముఖం ఇంకా నా కళ్ల ముందే ఉంది!

కౌలు చెరువు వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయింది. సునీతను కాన్వెంటు మాన్పించి మునిసిపల్ స్కూల్లో వేశారు. మా వదిన కరుణమ్మ ఎప్పుడో పెళ్లికి ముందు వదిలేసిన లేసు అల్లిక మళ్లీ పట్టుకుని, పొద్దస్తమానం గుమ్మంలో కూర్చుని అల్లేది. నేనిచ్చే కొద్దిపాటి సాయం నా భార్య శాంతి చేతికిచ్చి పంపేవాణ్ని గాని ఆ గుమ్మం ఎక్కలేకపోయాను. ముందు గదికి తాళం వేసి, సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో పడేసి, మళ్లీ మిల్లుకే వెళ్లాను. మందిరంలో స్త్రీల వరుసలో వదిన కూర్చుని ఉంటుంది, ఆమె కళ్లలోకి ఎలా చూడను? అందుకే వెళ్లడం మానేశాను. "ప్రభువా, అడగవలసినప్పుడు మూసుకున్న నోరు ఇది, ఇక దీన్ని నీ స్తుతికి కూడా తెరవను" అని ఒకరోజు గోదారి రేవులో కూర్చుని అన్నాను. అంత మాట అన్నాను! అయినా ఆయన నన్ను విడిచిపెట్టలేదు.

బుధవారం మధ్యాహ్నాలు స్త్రీల కూడిక ఇంటింటికీ తిరుగుతూ జరిగేది. ఆ వారం మా ఇంటి వంతు. జ్వరంతో నేను లోపల గదిలో పడుకుని ఉన్నాను, తలుపుకు పరదా ఒక్కటే అడ్డం. నేను ఇంట్లో ఉన్నానని వదినకు తెలియదు. ఆమె ప్రార్థన మొదలుపెట్టింది.

"తండ్రీ, ఆ రోజు ఆయన ఇంటికొచ్చి, తమ్ముడు ఆ కాయితం దాటేశాడే, అడగలేకపోయాడు పాపం, ఈసారి నేనే ఎత్తుతాలే అని నవ్వారయ్యా. ఛీ, ఇప్పుడా మాటలెందుకండీ అని నేనే కసిరాను. ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆ నోరు నొక్కింది నేనేనయ్యా. అది తెలిసిపోయే నా మరిది నా మొహం చూడటం లేదు. ఆయన్ని తీసుకున్నావు, నా బిడ్డలాంటి ఈ మరిదినైనా నాకు తిరిగి ఇయ్యి తండ్రీ."

సహోదరులారా, నేను ఆమెకు మొహం చాటేస్తున్నది నా తప్పుకు సిగ్గుపడి, ఆమె అనుకున్నదేమో నేను ఆమెను తప్పు పడుతున్నానని! ఏడాదిన్నర! భర్త పోయిన దుఃఖం చాలదన్నట్టు ఈ బరువు కూడా నేనే ఆమె మీద పెట్టాను. పరదా తోసుకుని వెళ్లి అందరి ముందే ఆమె కాళ్ల మీద పడ్డాను. "వదినా, అడగవలసినవాణ్ని నేను. బోణీ అని భయపడ్డాను, క్షమించండి" అని బావురుమన్నాను. ఇద్దరం ఎంతసేపు ఏడ్చామో తెలియదు. అక్కడున్న తల్లులందరూ మా చుట్టూ మోకరించి ప్రార్థించారు, నా గుండెల మీద బండ దొర్లిపోయింది, దేవునికే మహిమ!

వదిన కళ్లు తుడుచుకుని, "ఆ కాయితాలు పట్రా నాయనా. ఈసారి నా పేరున రాయి, ఆ పేజీయే ముందు తియ్యి" అంది. ట్రంకుపెట్టెలోంచి పట్టుకొచ్చాను. ఆ పేజీయే ముందు తీసి అడిగాను. "వదినా, మీరు లేకపోతే పాపను ఎవరు చూసుకోవాలి?"

"నువ్వేగా" అంది.

ఆ గడిలో నా పేరు నా చేత్తోనే రాశాను. మరుసటి సోమవారం ముందు గది తాళం తీశాను.

అన్నయ్య తిరిగి రాలేదు. అడిగి ఉంటే సునీత ఆ కాన్వెంటు మానవలసి వచ్చేది కాదు, వదిన కళ్లు ఆ లేసు మీద అరిగిపోయేవి కావు, ఆ బాధ నేను చనిపోయేదాకా ఉంటుంది, దాన్ని దేవుడు తీసేశాడని అబద్ధం చెప్పను. ఆయన తీసింది నా భయాన్ని. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, కాఫీ గ్లాసు కింద పెట్టకముందే ఆ ప్రశ్న అడుగుతాను, కొందరు కోప్పడతారు, ఒకాయన గుమ్మంలోంచే పొమ్మన్నాడు కూడా! అయినా అడుగుతాను. అడిగే ధైర్యమిచ్చిన నా ప్రభువుకు వేలాది స్తోత్రాలు.

ప్రియులారా, తప్పు చేశానని మందిరానికి దూరంగా ఉన్నవారు మీలో ఉంటే ఈ ఆదివారం రండి, మీ కోసం ఎవరో అక్కడ కన్నీళ్లతో ప్రార్థిస్తూ ఉండొచ్చు. మన ప్రాణాలు ఆయన చేతిలో ఉన్నాయని నమ్మేవాళ్లం, ఆ సంగతి ఇంట్లో నోరు తెరిచి మాట్లాడుకోవడానికి భయపడకండి. మీవాళ్లు ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడే అడగండి. నేను మా అన్నయ్యను అడగలేదు.