లేచి చూడాల్సిన దీపం

మా బావగారు పోయారు. ఆ రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ లేవట్లేదురా" అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మగ్గం గుంటలోంచి పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

నాకు రాయడం అలవాటు లేదు. మా ఊరి బళ్ళో ఐదో తరగతితో సరి. మన నేతవాళ్ళ పత్రికకి ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమంటే కాదనలేకపోయాను. ఆయనే ఉంటే నా తరఫున కూడా తనే మాట్లాడేసేవారు.

బావగారికి సామర్లకోట స్టేషన్ దగ్గర రేడియో రిపేరు కొట్టుండేది. రేడియోలు పోయాయి, టేప్ రికార్డర్లు వచ్చాయి, అవీ పోయాయి. ఆయన మాత్రం రోజూ కొట్టు తీసి కూచునేవారు. చొక్కా జేబులో టెస్టర్, దాని పక్కనే పొడుం డబ్బా. ఒకటి తియ్యబోయి ఇంకోటి తీసేవారు. మా ఇంటికొస్తే ముందు నన్నే పట్టుకునేవారు. "ఏరా, ఇవాళ పొద్దున్నించీ ఎన్ని మాటలాడావు? మూడేనా? ఆ నాలుగోది నాకోసం దాచావా?" నేను నవ్వేవాణ్ణి. అదే నా నాలుగో మాట.

పగలంతా కరెంటు కోతలుండే రోజులవి. మగ్గం గది మాకు మధ్యాహ్నం కూడా చీకటే. కిరసనాయిలు దీపం పెడితే మసి చీర మీద పడుతుంది. అప్పుడే తెల్లగా వెలిగే చిన్న ఎల్‌ఈడీలు బజార్లోకొచ్చాయి. బావగారు రాజమండ్రి వెళ్ళి అవి తెచ్చి, మోటార్ సైకిల్ బ్యాటరీకి కలిపి, మగ్గం మీద వేలాడే దీపం చేశారు. ఎల్‌ఈడీల వరసకి బ్యాటరీ వోల్టేజీ చాలదు కాబట్టి దాన్ని పెంచి ఇచ్చే చిన్న బోర్డు ఒకటి. "పెంచడమే దీనికి తెలుసు, ఆపడం తెలీదు" అంటూ దాని పక్కన గాజు ఫ్యూజు పెట్టారు. రెండు తీగలూ తగులుకుంటే ఫ్యూజు కాలిపోయి కరెంటు ఆగిపోవాలి. "ఈ కరెంటు నిన్నేం చెయ్యదురా, కాలిస్తే నీ పడుగు దారాల్నే కాలుస్తుంది" అని మొదటిరోజే చెప్పారు.

మా నేతపేటలో చాలామంది ఆ దీపాలు చేయించుకున్నారు. మగ్గం ఆడుతుంటే తాళ్ళు రాసుకుని, తొడుగు అరిగి తీగలు తగులుకునేవి. ఫ్యూజులు పోయేవి. ఫ్యూజు కోసం సామర్లకోట ఎవరెళ్తారు? నేతవాళ్ళ చేతిలో ఏముంటుంది, జరీ ఉంటుంది. జరీలో ఉండేదీ సన్నటి లోహపు తీగే కదా, నాలుగు జరీపోగులు మెలేసి కాలిన ఫ్యూజుకి చుట్టేసేవారు. దీపం వెలిగేది. అందరికీ హాయి.

ఒకరోజు మా ఎదురింటాయన మగ్గం మీద తీగలు కలిశాయి. ఫ్యూజు పోలేదు. తీగ కాలి, దాని తొడుగు కరిగి పడుగు మీద బొట్లు బొట్లుగా పడింది. వాళ్ళావిడ పక్కనున్న గంజి కుండ ఎత్తి పోసేసింది. ఇంటికేం కాలేదు, మనుషులకేం కాలేదు. పెళ్ళివాళ్ళ చీర. సగం పైన నేసిన పడుగు, పోగులన్నీ తెగి వేలాడుతున్నాయి. ఆయన దాని ముందు అలా కూచుండిపోయాడు.

బావగారు తర్వాతి బస్సుకే వచ్చారు. ఫ్యూజు పీకి వెలుతుర్లో పెట్టి చూశారు.

"ఏంటండీ ఇది?"

"జరీయండీ."

"ఫ్యూజుకి కూడా అంచు నేశారన్నమాట."

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. ఆ ఫ్యూజు జేబులో వేసుకుని, "పొరపాటు నాదేలెండి. జరీ చేతిలో ఉన్న మనిషికి ఫ్యూజు ఇచ్చాను" అన్నారు. దీపాలన్నీ ఊడదీసి సంచిలో వేసుకుపోయారు.

తర్వాత ఆదివారం వస్తే మా అరుగు మీదే పని. ఫ్యూజు బదులు ఏది పెట్టాలా అని. పాత నూలు కుప్ప పోసి, దానిమీద తీగలు పరిచి, కావాలని కత్తెరతో కలిపేవారు. మొదట, వేడెక్కితే కరెంటు ఆపి, చల్లారితే మళ్ళీ వదిలే బిళ్ళ ఒకటి తెచ్చారు.

"బాగుంది కదండీ, దానంతటదే వస్తోంది" అన్నాను.

"అదేరా దాని రోగం. ఒకటీ, ఆలోచించుకుని ఆపుతుంది, ఈలోపు నీ నూలు కమురుతుంది. రెండోది, మళ్ళీ వచ్చేసింది కదా అని నువ్వు లేవవు."

ఇంకోటి తీగలు తగిలినా పూర్తిగా ఆపకుండా కరెంటుని కొంచెం కొంచెంగా వదిలేది. బోర్డుండే పెట్టెలో పెడితే అదే పెనంలా కాలింది. ఆయన వేలు బొబ్బెక్కింది. ఆయనతో వచ్చిన అక్క వెన్న రాస్తూ, "ఈ వయసులో మీకెందుకండీ ఈ గోల, నాలుగు ఫ్యూజులు ఎక్కువిచ్చేస్తే పోలా?" అంది. "ఇస్తే అవి దాచుకుని జరీయే చుడతారే" అన్నారు.

చివరికి ఖాయం చేసింది వేరే. తీగలు తగిలీ తగలగానే మొత్తం ఆపేస్తుంది. ఆపాక తనంతట తను రాదు. మనిషి స్విచ్ కట్టేసి మళ్ళీ వెయ్యాలి. చుట్టడానికి ఫ్యూజే లేదు, పెట్టెని లక్కతో మూసేశారు. పైగా స్విచ్‌ని మగ్గం దగ్గర పెట్టలేదు. గదికి ఆ చివర, బ్యాటరీ పక్కన పెట్టారు.

ఎదురింటాయన మండిపడ్డాడు. "మేస్త్రిగారూ, ఇది దీపమాండీ, డ్రిల్లు మాస్టారా? ఆరినప్పుడల్లా గుంటలోంచి లేవాలా?"

"లేవండి. వస్తూ వస్తూ తీగ మీద చెయ్యేసుకుని రండి. ఎక్కడ తగిలిందో చూశాకే స్విచ్ వెయ్యండి."

కొందరు తిరిగిచ్చేశారు. ఆయన మాత్రం స్విచ్ జరపలేదు. ఉంచుకున్నవాళ్ళం తిట్టుకుంటూ వాడాం. నా మోకాళ్ళు ఎక్కువ తిట్టాయి. ఆ తర్వాత మా పేటలో పడుగు కాలలేదు. దానికాయన్ని ఎవరూ మెచ్చుకోనూ లేదు. కాలని చీర గురించి ఎవరు మాట్లాడతారు?

ఇప్పుడు పేటలో మగ్గాలూ తగ్గాయి, నా చూపూ తగ్గింది. అలిసిపోయాను.

దహనమయ్యి వచ్చాక ఆ సాయంత్రం అక్క ఇంట్లో కూచున్నాం. వీధిగది నిండా జనం. కరెంటు పోతే ఎవరో బావగారి దీపం వేశారు. కొత్తగా వచ్చినవాళ్ళకి కుర్చీలు జరుపుతుంటే అది టప్పున ఆరిపోయింది.

"ఆ స్విచ్ మళ్ళీ నొక్కండి ఎవరైనా" అన్నారొకరు.

"ఉండండి. చూడకుండా వెయ్యకూడదు" అంది అక్క. పొద్దున్నించీ గోడకి ఆనుకుని కూచున్న మనిషి, చేత్తో నేల ఊతం పట్టుకుని లేచింది. మసక చీకట్లో దీపం దగ్గర తీగ అందుకుని, దానిమీద చెయ్యి జరుపుకుంటూ గోడవారనే నడిచింది. మధ్యలో ఆగింది. వంగి, ఒక కుర్చీ కాలు ఎత్తి, దాని కింద నలిగిన తీగ బయటికి లాగింది. అతుక్కున్న రెండు పాయలూ వేళ్ళతో విడదీసి, ఎడంగా మేకుకి తగిలించింది. ఆ చివరికెళ్ళి స్విచ్ వేసింది.

దీపం వెలిగింది. అక్క వెంటనే వచ్చి కూచోలేదు. స్విచ్ మీద వేలు అలాగే ఉంచి, తను నడిచొచ్చిన తీగ పొడుగునా మళ్ళీ ఒకసారి చూసింది.