పాఠంలో పేరు

బాలచంద్ర మాస్టారు చిత్తూరు దగ్గరి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. ఒకరోజు పదో తరగతిలో 'రన్ ఆఫ్ ది మిల్' అన్న మాట వచ్చింది. మిల్లులోంచి ఏరకుండా వచ్చిన సరుకు, మంచిదీ కాదు చెడ్డదీ కాదు అని చెప్పాడు. పిల్లలకు ఎక్కలేదు.

"గుంపులో గోవింద అంటాము సూడండి, అట్లా. ఇదో, మన పంకజాక్షి మాదిరి."

క్లాసు నవ్వింది. మూడో బెంచీలో పంకజాక్షి కూడా నవ్వింది. చివరి మార్కులు కావు, మొదటి మార్కులు కావు. రోజూ బస్సులో వచ్చిపోయేది. వాళ్ల ఊరి నుంచి ఆ బడికి వచ్చేది ఆమె ఒక్కతే.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కుప్పమ్మ అనే ఆవిడ స్టాఫ్ రూము గడప దగ్గర నిలబడింది.

"పంకజాక్షి అమ్మను సార్."

"క్లాసులోనే ఉంటుందమ్మా, పిలిపిస్తాను" అన్నాడు మాస్టారు.

"యాడుంటుంది సార్. జరమొచ్చి పోయింది. సోమవారం మట్టి చేసినాము."

ఆయన హాజరు పట్టీ తెరిచాడు. ఆ ఉదయం కూడా పంకజాక్షి వచ్చినట్టే ఉంది. పక్క బెంచీ ఐశ్వర్య, స్నేహితురాలికి తిట్లు తప్పించాలని రోజూ ఆమె పేరు పిలిచినప్పుడు తనే పలికిందని తర్వాత తెలిసింది. ఆయన ఒక్కరోజూ తలెత్తి చూడలేదు.

"పటం కట్టించడానికి ఒగ ఫోటో కూడా లేదు సార్. ఈడ అందరినీ నిలబెట్టి తీసినారంట."

గ్రూపు ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండు జడల పిల్లలు ఇరవైమంది. ఆయన వేలు ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి పోతూ ఉంది. కుప్పమ్మ వంగి వెనక వరుసలో ఒకచోట వేలు పెట్టింది. "ఇదో."

తర్వాత అంది: "మీరంటే దానికి శానా గురి సార్. పాటంలో నా పేరు చెప్పినారు అని రెండుదినాలు ఒగటే సంబరం. అదేందో ఇంగ్లీషు ముక్క, మిల్లు అని. దానికి అర్థమేంది సార్?"

బాలచంద్ర ఫోటోను ఆమె వైపు జరిపాడు.

"మంచి బిడ్డ అని, అమ్మా."

ఆమె తల ఊపి, కొంగుతో ఫోటో తుడిచి, తీసుకుని వెళ్లింది.

ఇప్పుడాయన రిటైరయ్యి తిరుపతిలో ఉంటున్నాడు. కుప్పమ్మ వేలు పెట్టిన చోటు గుర్తుంది, ఆ వేలి కింది ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా కంటికి రాదు. అలిపిరి మెట్ల దగ్గర రెండు జడల పిల్ల కనబడితే ఆగిపోతాడు. ఒక పిల్ల ఎక్కిపోతుంది, వెనకే ఇంకో పిల్ల వస్తుంది. అందరూ ఆ పిల్లే అనిపిస్తుంది.

"ఎవురి కోసరం సూస్తాండారు?" అని భార్య నిర్మలమ్మ ఒకసారి అడిగింది.

"తెలిసిన బిడ్డ" అన్నాడు. అంతకంటే చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.