ఎల్లం అడిగే ప్రశ్న

మెదక్‌లో ఎవరైనా ఎదురైతే "బాగున్నవా?" అంటారు. రిటైరైన బస్సు కండక్టర్ ఎల్లం మాత్రం "పొద్దుగాల దొడ్డికి సాఫ్‌గ అయిందా?" అంటాడు. వెనక సీటుదాకా వినపడేలా టికెట్లడిగిన గొంతు. ఆ ప్రశ్న వీధి చివరిదాకా వెళ్తుంది.

పెళ్లి విందులో బగారన్నం పెట్టించుకుంటున్న పెండ్లికొడుకు తండ్రిని కూడా వదల్లేదు.

"రక్తం గిట్ల పడ్తలేదు కదా, బావా? యాభై దాటినయి, ఒక్కసారి పరీక్ష చేయించుకోరాదు?"

ఆ బావ పళ్లెంతో సహా ఆడపెళ్లివారి వరుసలోకి పారిపోయాడు.

ఎదురింటి యశోద జాకెట్లు కుడుతుంది. ఎల్లం చెప్పుల చప్పుడు వినగానే, ఏమీ వినపడనట్టు మిషన్ మరింత జోరుగా తొక్కేది.

ఆ వానాకాలం, అరవయ్యేళ్ల యశోదకు నిజంగానే రక్తం కనబడింది. మొలలేమో అనుకుంది. రెండు వారాలు గడిచాయి. కొడుకుతో చెప్పడానికి నోరు రాలేదు. కోడలితో చెప్పబోయి, కూరలో కారమెక్కువైందని మాట మార్చింది.

ఓ ఉదయం ఎల్లం ఎప్పటిలాగే కేకేశాడు. "చెల్లె! సాఫ్‌గ అయిందా?"

యశోద మిషన్ ఆపింది. "లేదన్నా. రక్తం పడ్తున్నది."

ఎల్లం గొంతు అంత చిన్నది కాగలదని ఆమెకు ఆరోజే తెలిసింది.

"ఎన్ని దినాలాయె?"

"పదిహేను."

"పరేషాన్ గాకు. దవాఖానకు పోదాం. కోడలికి నేను జెప్త."

పేగులోకి కెమెరా పంపి చూశారు. వారానికి రిపోర్టు వచ్చింది.

"చిన్న బుడిపె ఉండెనమ్మా, అప్పుడే తీసేసినం. క్యాన్సర్ కాదు," అంది డాక్టర్ కృతిక. "వదిలేస్తే కొన్నేండ్లకు అయ్యేదేమో. మూడేండ్లకు మళ్ల రాండ్రి."

బయట బెంచీ మీద కూర్చున్నాక యశోద అడిగింది. "అందర్ని గట్ల అడుగుతుంటే నీకు సిగ్గనిపియ్యదా, అన్నా?"

ఎల్లం ఆరేళ్ల కింద పోయిన భార్యను తలచుకున్నాడు. "మా సిద్దమ్మ ఏడాది దాచిపెట్టింది. కట్టుకున్నోన్ని, నాక్కూడ చెప్పలే. 'నువ్వడిగితే చెప్పేదాన్ని' అన్నది ఆఖరికి. నేనడిగితే జనం నవ్వుతరు, నవ్వనీ. ఒక్కరన్న చెప్తరు గదా."

యశోద ఆయన వైపు తిరిగింది. "మరి నువ్వు చేయించుకున్నవా?"

ఎల్లం గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవసాగాడు. "నాకేమైంది? మంచిగనే ఉన్న."

"ఏం లేనప్పుడే చేయించుకోవాలెనని ఊరందరికి చెప్తివి!"

"జర భయమైతది, చెల్లె."

యశోద లేచి కౌంటర్ దగ్గరికి నడిచింది. "పేరు ఎల్లం. వయసు అరవై ఎనిమిది. పరీక్షకు రాయమ్మా."

"అరవై ఆరే," అని వెనక నుంచి వినిపించింది.