జస్టిన్ తీసేసిన నాలుగు సెకన్లు

పాల్వంచలో నా ఫ్లెక్సీల షాపు పక్కనే జస్టిన్ స్టూడియో. ఇరవై రెండేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాడు. చర్చి పెళ్లయినా, తండా పెళ్లయినా అతనివి రెండే కట్టుబాట్లు: చుట్టాల్లో ఒక్క ముఖం తప్పిపోకూడదు, అపశకునం ఏదీ కనపడకూడదు. అప్పగింతల ఏడుపు కాస్త ఉంచుతాడు గానీ, ఎవరైనా కాలుజారి పడ్డారంటే అక్కడ తెర మీద గులాబీ రేకులు రాలాల్సిందే. ఇంత మంచివాణ్ని తిట్టుకోవాల్సి వస్తుందని నేననుకోలేదు.

పోయినేడు అశ్వారావుపేటలో పామాయిల్ తోటలున్న జయప్రకాశ్ ఒక ఫైట్ల సినిమా తీశాడు. నడుస్తున్న లారీ మీంచి హీరో బదులు దూకింది కోటేష్. జూలూరుపాడు దగ్గరి తండా మనిషి, గెలలు కోసే కూలీ. దూకాడు, పడ్డాడు, మోకాలు చితికింది. షూటింగ్ వాళ్లు దవాఖానాలో దించేసి తమ దారిన తాము పోయారు. ఆ కాలు మళ్లీ వంగలేదు, గెలల పని పోయింది. అది చాలదన్నట్టు, తాగి బండి మీంచి పడ్డాడని తండాలో పుకారు. ఒకప్పుడు తాగేవాడే, కాదనను. పెళ్లయ్యాక మానేశాడు. ఎవరు నమ్ముతారు? నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు కదా, ఆర్నెల్లు దానికోసమే కూర్చున్నాడు. "ట్రైలర్ రానియ్యుండ్రి, మీరే జూస్తరు" అని కనపడ్డవాడికల్లా చెప్పాడు.

హైదరాబాద్‌లో అయితే ఖర్చని జయప్రకాశ్ ఆ ట్రైలర్ జస్టిన్‌కే అప్పజెప్పాడు. అది విడుదలైన రోజు కోటేష్ జస్టిన్‌నీ నన్నూ తండాకు పిలిచాడు. వాళ్లింటి టీవీ ముందు వాకిలి దాకా జనం. భార్య సంగీత అందరికీ చాయ్ పోసింది.

ఫైట్ల సినిమా అన్నమాటే గానీ, మొదట తెర మీద జయప్రకాశ్ మేనమామ నవ్వాడు. తర్వాత వాళ్ల వదిన, తోడల్లుడు, తలా రెండు సెకన్లు. విలన్ చావు కూడా మధ్యలోనే చూపించేశాడు. ఆఖరికి లారీ వచ్చింది. కోటేష్ దూకాడు. గాల్లో ఉండగానే తెరంతా గులాబీ రేకులు రాలాయి. రేకుల వెనక నుంచి జయప్రకాశ్ బావమరిది దండం పెడుతూ వచ్చాడు.

"పూలల్ల పడితే కాలిరిగిందా కోటేషా?" అన్నారెవరో. వాకిలంతా నవ్వు. నాకు జస్టిన్ చెంప పగలగొట్టాలనిపించింది.

కోటేష్ మాత్రం జస్టిన్‌ని మెల్లగా అడిగాడు. "అన్నా, నేను కిందపడ్డది ఏది?"

"చూడబుద్ధి గాలే తమ్మీ. పానం ఎట్లనో అయింది, తీసేసిన."

"అసలుదన్న ఉన్నది గదా?"

జస్టిన్ తల దించుకున్నాడు. "పెండ్లిళ్ల సీజన్. డిస్క్ నిండింది. అంతా డిలీట్ కొట్టిన. కెమెరావోళ్ల తాన గూడ లేదట."

సంగీత టీవీ ఆపేసింది. జనం లేచిపోతుంటే జస్టిన్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "యేసుప్రభువు మీద ఒట్టు. నేను జూసిన. లారీ మీదికెంచే దుంకిండు, మోకాలు మీదనే పడ్డడు!" పాపం, మనస్ఫూర్తిగానే చెప్పాడు.

కోటేష్ తల్లి సైదమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి జస్టిన్ చేతికిచ్చింది. చాలా మెత్తగా అడిగింది.

"గిట్ల చెప్పుమని మావోడు నీకు గూడ తాగిపిచ్చిండా బిడ్డా?"

కోటేష్ కర్ర అందుకుని లోపలికి పోయాడు. మేం బయల్దేరేదాకా బయటికి రాలేదు.