రాయమల్లు స్టాపులు

కాలంచేసిన తండ్రి గుర్తును నవనీత కంప్యూటర్లోంచి తీసిపారేసిందని మా వాడంతా అనుకుంటోంది. ఎదురింటి చంద్రవ్వ మోసిన మాట అది. ఆ పూట నవనీత పక్కన కూర్చున్నది పొరుగింట్లో ఉండే నేను. జరిగింది చెబుతాను.

ఆమె తండ్రి రాయమల్లు కరీంనగర్ నుంచి ధర్మపురి పోయే బస్సులో కండక్టరు. "చొప్పదండి, ధర్మారం, వెల్గటూర్, రాయపట్నం, ధర్మపురీ" అని కేకవేస్తే కునుకుతున్న ముసలివాళ్లు కూడా మూటలు సర్దుకునేవారు. సెలవుల్లో నవనీత ఇంజను పక్కన కూర్చుని తానూ అరిచేది. రిటైరయ్యాక కూడా అన్నానికి పిలిస్తే "ధర్మపురి వచ్చింది, దిగుండ్రి!" అనేవాడాయన.

నవనీత ఇంటి నుంచే ఒక ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకుంటుంది. రోగుల రిపోర్టులన్నీ వాటిలోనే. వాటిలోకి పోవడానికి ఆమె లాప్‌టాప్‌లో తాళంచెవి లాంటి ఫైలు ఒకటుంది. అది తెరుచుకోవాలంటే ఒక రహస్యవాక్యం కొట్టాలి. ఆమె పెట్టుకున్నది తన బాపు రాయమల్లు కేకవేసే స్టాపుల వరుస. కొట్టేటప్పుడు తెర మీద ఒక్క అక్షరం కనిపించదు, చుక్కయినా పడదు. కానీ పెదవులు ఊరుకుంటాయా? రోజూ పొద్దున్నే ఆమె కిటికీలోంచి నాకు రాయమల్లు బస్సు వినిపించేది.

మొన్న మాఘంలో "వెల్గటూర్..." దగ్గర తుమ్మొచ్చి ఆగింది. మా అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న నేను "రాయపట్నం!" అని అందించాను.

"అత్తా, అది నీకెట్ల ఎరుక?"

"రోజు కిటికిల నుంచి ఇనవడ్తనే ఉన్నది గద బిడ్డా. చంద్రవ్వ మనుమరాలు గూడ ఆటల పాడుతది."

ఆమె కిటికీ దగ్గరకి వచ్చి గొంతు తగ్గించింది. "గీ లాప్‌టాప్ ఎవలకన్న దొరికితే రోగుల గుట్టంత బయటపడ్తది. నా నౌకరి పోతది. ఇటు రా, పక్కన కూసో. నా పెదవులు కదుల్తే చెప్పు."

నల్లటి తెర మీద, రహస్యవాక్యం మార్చమనే ఆజ్ఞ ఒకటి కొట్టింది. అది ముందు పాత వాక్యం అడిగింది. ధర్మపురి దాకా కొట్టి, వేలు ఎత్తి చాలాసేపు ఆగింది. తర్వాత కొత్తది రెండుసార్లు అడిగింది. పెదవులు కదలకుండా పళ్లు బిగబట్టుకుని నవనీత కొట్టింది.

"తాళంచెవి గూడ మారిందా?"

"లేదత్తా, చెవి గదే. తెరిచే మాటనే మారింది."

వాకిట్లోకి వచ్చి "బాపుది తీసేసిన" అని కళ్లు తుడుచుకుంది. చంద్రవ్వ విన్నది ఆ ఒక్క ముక్కే.

నాకు మాత్రం మనసు నిలవలేదు. నిన్న అడిగేశాను: "రోజు పొద్దుగాల మీ బాపును తల్సుకునుడు పాయె గదనే. బాధ లేదా?"

"ఇన్ని దినాలు దాసుకోని గొణిగిన అత్తా. ఇగ దాసేదేముంది? ఎనుక పొయ్యి కాడ బాపు స్టాపులు గట్టిగనే అరుస్తున్న. ఇనొస్తలేదా?"